పని, శ్రమ, జౌలు

తెలుగు బోధించేవాడు భౌతికశాస్త్ర ప్రమాణాలను గురించి వ్రాయడం కొందరికి వింతగా తోచవచ్చును. కాని శాస్త్రమైనా భాషలోనే గదా బోధింపబడుతున్నది!

పరీక్షల ముందు మన విద్యార్థులు వరండాలో వల్లె వేయడం వింటూ ఉంటాను: ఒక జౌలు కోటి ఎర్గులు, ఒక కెలొరీ 4.18 జౌళ్లు, ఒక కిలోవాట్-గంట 36 లక్షల జౌళ్లు. జౌలు అంటే ఎంత అని అడిగితే మరల కోటి ఎర్గులే సమాధానం. నూరు గ్రాముల జామపండును మీటరు ఎత్తుకు లేపితే ఇంచుమించు ఒక జౌలు పని జరుగుతుందని వారికెవరూ చెప్పినట్లు లేదు.

గత సంవత్సరం ఒక విద్యార్థి నన్ను అడిగాడు: "సార్, మా అబ్బా హమాలీ. బస్తా నెత్తిన పెట్టుకొని లారీ కోసం పావుగంట నిలబడతారు. స్థానభ్రంశం లేదు గనుక పని శూన్యమని పుస్తకంలో ఉంది. అది పని కాదా?"

ఈ ప్రశ్నను నవ్వి త్రోసిపుచ్చరాదు. 50 కిలోల బస్తాను మీటరున్నర ఎత్తుకు లేపితే 735 జౌళ్ల పని. అది ఒక సెకనులో జరిగితే సరిగా ఒక మెట్రిక్ అశ్వసామర్థ్యం! గోడమీది మీటరులో ఒక్క యూనిట్ తిరిగితే, అటువంటి బస్తాలు సుమారు 4,900 లేపినంత. ఇక నిలబడిన పావుగంటలో బస్తాపై జరిగిన పని శూన్యమే. కాని కండరాల తంతువులు క్షణక్షణం బిగుస్తూ సడలుతూ తిన్న అన్నంలోని శక్తిని వేడిగా మారుస్తూనే ఉంటాయి. చెమటయే సాక్ష్యం.

ఆ వేడిని కొలిచేదీ జౌలే. పడుతున్న బరువులతో నీటిలో తెడ్లు త్రిప్పి, నీరు వేడెక్కడం చూపి, పనికీ ఉష్ణానికీ గల లెక్కను 1840ల దశకంలో తేల్చినవాడు జేమ్స్ ప్రెస్కాట్ జౌల్. ఉష్ణానికి కూడ జౌలే ప్రమాణమని 1948లో అంతర్జాతీయ తూనికలు కొలతల మహాసభ నిర్ణయించింది. బిస్కెట్ పొట్లాలు మాత్రం నేటికీ కిలోకెలొరీలనే చెబుతున్నాయి! 1979లో మన ప్రణాళికా సంఘపు నిపుణులు గ్రామీణునికి రోజుకు 2,400 కిలోకెలొరీలు కావాలన్నారు. అది కోటి జౌళ్లు, అనగా మూడు యూనిట్ల విద్యుత్తు కంటె తక్కువ. ఒక మనిషి దినమంతా బ్రతికి, బరువులు మోసేది ఇంతటితోనే.

తెలుగులో పని వేరు, శ్రమ వేరు. ఉర్దూలో కామ్ వేరు, మెహనత్ వేరు. ఇంటి భాషలో ఉన్న ఈ భేదాన్ని తరగతిలో వాడుకొంటే ఆ బాలుడు తండ్రి కష్టాన్ని శాస్త్రం కాదన్నదని చిన్నబుచ్చుకొనేవాడు కాడు. తప్పు శాస్త్రానిది కాదు, పట్టికను మాత్రమే అప్పగించిన మనది.

ఈసారి ఎర్గుల మార్పిడికి బదులు, కళాశాల మెట్లెక్కిన విద్యార్థి చేసిన పని ఎంత అని అడగవలసిందిగా మా భౌతికశాస్త్ర మిత్రుని కోరాను. "ఒక్కొక్కరి బరువు ఒక్కొక్క రకం, దిద్దేదెవరు?" అన్నారాయన.