వంటింట్లోంచి సముద్రం కనిపించదు

మా అక్క ఇల్లు అమ్మకానికి పెట్టింది. అక్కంటే తోడబుట్టిన అక్క కాదు, మా తోడికోడలు. కాపురానికొచ్చిన రోజు నుంచీ అక్కా అనే పిలుస్తున్నాను. ఇప్పుడు తోడికోడలు అని రాయాలంటే నాకే పరాయిగా ఉంది.

ఇల్లు మామూలిల్లు కాదండీ. విశాఖపట్నం నుంచి బీచ్ రోడ్డు పట్టుకుని ఋషికొండ దాటి, ఎర్రమట్టి దిబ్బలు దాటి వెళ్తే, భీమిలి ఊళ్లో రోడ్డుకి ఇవతల వైపు మేడ. రోడ్డుకి అవతల ఇసుక, ఇసుకకి అవతల సముద్రం. మధ్యలో ఇంకేం అడ్డం లేదు. మా బావగారు స్థలం కొని, ప్లాను తనకి నచ్చినట్టు గీయించుకుని, మూడేళ్లు ఎండలో నిలబడి కట్టించి 2001లో గృహప్రవేశం చేశారు. ఆయన పోయి రెండేళ్లు దాటింది. పిల్లలిద్దరూ అమెరికాలో ఉన్నారు. అరవై ఎనిమిదేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులతో, నాలుగు పడగ్గదుల మేడలో ఒక్కతీ ఉంటోంది.

అమ్మిపెట్టే అబ్బాయి ఫొటోలు తీసి, ప్రకటన రాసి వాట్సాప్‌లో పంపాడు. "సముద్రానికి ఎదురుగా, సొంత అభిరుచితో దగ్గరుండి కట్టించుకున్న విశాలమైన ఇల్లు. తూర్పు వాకిలి. ప్రతి గదిలోంచీ సముద్రం కనిపిస్తుంది." అక్క కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. "ప్రతి గదిలోంచీనట. అయితే వంటిల్లు గది కాదన్నమాట" అని ఫోను నా చేతికిచ్చేసింది.

ఆ మాటే నన్ను ఇది రాయడానికి కూచోబెట్టింది.

వాస్తు ప్రకారం వంటిల్లు ఆగ్నేయంలో ఉండాలి కదా. మా ఊళ్లో సముద్రం తూర్పున ఉంది. అంటే లెక్క ప్రకారం ఆ ఇంట్లో వంటిల్లు సముద్రం కనిపించే మూలకే రావాలి. శాస్త్రమే ఆడదాని పక్షాన నిలబడిన అరుదైన సందర్భం అది! కానీ బావగారికి ఆ మూల మీద కన్ను పడింది. అక్కడ పెద్ద అద్దాల కిటికీలతో హాలు, ముందు వరండా, అందులో ఊయల బల్ల. సిద్ధాంతి గారిని అడిగితే ఆగ్నేయం కుదరకపోతే వాయవ్యం పరవాలేదన్నారట. అంతే, వంటిల్లు ఇంటి వెనక్కి, కొండ వైపుకి పోయింది. పైగా తూర్పు ముఖంగా నిలబడి వండాలి కాబట్టి పొయ్యిగట్టు తూర్పు గోడకి కట్టించారు. అక్క ఇరవై ఏళ్లకి పైగా సముద్రం వైపే తిరిగి వంట చేసింది. కాకపోతే మధ్యలో గోడలున్నాయి.

బావగారు చెడ్డవారని చెప్పడం లేదు. చాలా మంచి మనిషి. అక్కని పల్లెత్తు మాట అని ఎరగరు. చిన్నప్పుడు గాలీ వెలుతురూ లేని అద్దె వాటాల్లో పెరిగి, సముద్రం ఎదురుగా ఇల్లు కట్టాలని కలగన్న మనిషి. ఆయన ఊయల బల్ల మీద కూచుని సూర్యోదయం చూస్తుంటే అక్క కాఫీ పట్టుకెళ్లేది. "కాసేపు కూచోవే" అనేవారు. కూచునేది కూడా. ఈలోపు కుక్కర్ కూసేది. ఆయనకి ఆ ఇంట్లో సముద్రం ఉంది. ఆవిడకి ఆ ఇంట్లో పని ఉంది. అంత తేడాని ఇద్దరిలో ఎవరూ కావాలని చెయ్యలేదు, ఎవరూ గమనించనూ లేదు. "సొంత అభిరుచి" అని ప్రకటనల్లో రాస్తారే, అది ఆ ఇంట్లో ఎవరి అభిరుచో ఒక్కసారి అడిగి చూడండి.

ఇక సముద్రపు గాలి సంగతి. చూడ్డానికొచ్చిన వాళ్లకి అది చల్లగా తగులుతుంది. కాపురం చేసేవాళ్లకి ఉప్పగా తగులుతుంది. ఆ ఇంట్లో పొద్దున్న తుడిచిన అద్దం మీద సాయంత్రానికి జిగురుగా పొర. కిటికీ ఊచలకి ఏడాదికోసారి గీకి, రెడాక్సైడ్ పట్టించి, రంగు వెయ్యకపోతే పొరలు పొరలుగా రాలిపోతాయి. తలుపుల మడతబందులు, గడియలు, ఏసీ బయటి డబ్బా, ఫ్రిజ్ వెనకభాగం, గ్యాస్ పొయ్యి కాళ్లు, కుట్టుమిషను, ఏదైనా ఇనుమన్నది ఉంటే సముద్రం వాసన పట్టి వెతుక్కుంటూ వస్తుంది. డబ్బాలో ఉప్పు నీరు కారిపోతుంది. వేయించిన అప్పడం పళ్లెంలోకి వచ్చేలోపు మెత్తబడుతుంది. వాకిట్లో ముగ్గు గాలికి నిలవదు, తులసి ఎన్నిసార్లు నాటినా ఆకు మాడిపోతుంది. చివరికి తులసికోటని కూడా వంటింటి వెనక్కే మార్చింది. జరీ నల్లబడిపోతోందని ఆవిడ పట్టుచీరలన్నీ తెచ్చి మా ఇంట్లో బీరువాలో పెట్టింది. ఇప్పటికీ ఇక్కడే ఉన్నాయి. అంత ఇంట్లో ఆవిడ చీరలకి చోటు లేకపోయింది చూడండి.

ఇంకో ఐదారేళ్లకి స్లాబు పెచ్చులూడటం మొదలైంది. లోపలి ఇనుముకి తుప్పు పడితే అది ఉబ్బుతుంది, ఉబ్బి పైనున్న కాంక్రీటుని నెట్టేస్తుంది. ఊడిన చోట ఊరికే సిమెంటు పూస్తే లాభం లేదు, తుప్పంతా గీకి శుభ్రం చేసి, మందు పట్టించి మళ్లీ కప్పాలి. మీలో ఎవరైనా ఇలాంటి ఇల్లు కొనాలనుకుంటుంటే ముందు వరండాలో నిలబడి సముద్రం చూడకండి. తల పైకెత్తి స్లాబు అడుగు చూడండి. ఆ తర్వాత తీరప్రాంత నిబంధనల కాగితాలు అడగండి. 1991 నుంచీ సముద్రపు ఒడ్డున ఎక్కడ కట్టొచ్చు, ఎక్కడ కట్టకూడదు అన్నదానికి కేంద్ర ప్రభుత్వం నిబంధనలున్నాయి. పోటు గీత నుంచి 500 మీటర్ల లోపు ఏం కట్టాలన్నా ఆ లెక్క చూడాల్సిందే. మా వాళ్లది ఊళ్లో, ముందే ఉన్న రోడ్డుకి ఇవతల వైపు కాబట్టి ప్లాను పాసైంది. అవతల వైపైతే అయ్యేది కాదు.

చుట్టాల సంగతి ఎక్కువ రాయను, చదివే వాళ్లలో వాళ్లూ ఉన్నారు. శివరాత్రి మర్నాడు సముద్ర స్నానానికొచ్చి, తడిబట్టలతో, కాళ్లనిండా ఇసుకతో హాల్లోకి నడిచొచ్చి "నీకేం వదినా, రోజూ బీచే" అన్నవాళ్లని నేను పేరుపేరునా ఎరుగుదును. చేపలు తెచ్చే మనిషి మాత్రం ఒకసారి అరుగు మీద గంప దించి, మేడని కిందనుంచి పైదాకా చూసి, "సంద్రాన్ని సూడ్డానికి ఇంత ఇల్లు కట్టీసినారేటమ్మా" అంది. ఎగతాళి కాదు. నిజంగానే అర్థం కాక అడిగింది.

ఇప్పుడు అసలు విషయం. అమ్మకం సంగతి బయటికి పొక్కిన దగ్గర్నుంచి అక్కని ఓదార్చడానికి జనం వస్తున్నారు. ఫోన్లు చేస్తున్నారు. "అయ్యో, ఎంత ఇష్టపడి కట్టుకున్నారు", "ఆయన ఆత్మ క్షోభించదూ", "కళ్ల ముందు సముద్రం వదులుకుని ఆ అగ్గిపెట్టె ఫ్లాట్లో ఎలా ఉంటావు". ఆవిడ వింటోంది, కాఫీలిస్తోంది. వాళ్లు వెళ్లాక నాతో అంది: "నాకు ఏడుపు రావడం లేదే. రాకపోతే తప్పా?"

తప్పు కాదని నా గట్టి అభిప్రాయం. ఇల్లు అమ్ముకునే ఆడదాని కళ్లలో నీళ్లు ఉండి తీరాలని మనమే అనుకుంటాం. ముఖ్యంగా విధవరాలైతే. ఆవిడ ఆ ఇంటిని కాపాడుకుంటూ కూచోవాలి, అందులో దీపం పెట్టాలి, రెండేళ్లకోసారి పిల్లలొస్తే పదిహేను రోజులు వండి పెట్టాలి. ఆవిడకి కావలసిందేమో ఊళ్లో, ఆస్పత్రికి దగ్గర్లో, లిఫ్టు ఉన్న రెండు గదుల ఫ్లాటు. వీధి చివర కూరల బండి. సాయంత్రం మాట్లాడటానికి నాలుగు తలుపులు. ఆ కోరికలో దిగులేముంది?

అయితే ఒకటి చెప్పాలి, లేకపోతే నా వాదన కోసం దాచినట్టవుతుంది. హుద్‌హుద్ వచ్చిన రోజు, 2014 అక్టోబరు 12, ఆదివారం, వాళ్లిద్దరూ ఆ ఇంట్లోనే ఉన్నారు. వచ్చెయ్యమని ముందురోజు మేం బతిమాలినా బావగారు కదల్లేదు. ఆ గాలికి హాల్లో అద్దాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి పగిలిపోయాయి. ఊయల బల్ల గొలుసులు తెంచుకుని గోడకి కొట్టుకుంది. ఇద్దరూ ఎక్కడ కూచున్నారనుకున్నారు? వంటింట్లో. చిన్న కిటికీ ఒక్కటే ఉన్న, సముద్రం కనిపించని గది. పొయ్యిగట్టు కింద చాప వేసుకుని, చెంబులో నీళ్లు పెట్టుకుని గాలి తగ్గేదాకా అక్కడే. "ఆ రోజు మీ బావగారు నా చెయ్యి పట్టుకుని, ఈ గది మంచిచోట పడిందే అన్నారు" అని అక్క చెప్తుంది. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆవిడ గొంతు మారుతుంది. ఆ ఇంట్లో ఆవిడకి జ్ఞాపకమంటూ ఉంటే అది ఊయల బల్ల మీద లేదు, ఆ చాప మీద ఉంది. అందుకని ఇల్లు అమ్మకూడదంటారా? ఆ చాప ఆవిడతోనే వస్తుంది.

అక్కకి ఇష్టమైనంత మాత్రాన అమ్మకం అయిపోదు. ఇల్లు బావగారి ఒక్కరి పేరు మీదే ఉంది. సొంత సంపాదన ఆస్తి, వీలునామా లేదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకీ, కొడుక్కీ, కూతురికీ సమాన వాటాలు. మా అత్తగారు బతికుంటే ఆవిడకీ ఒక వాటా. అంటే అన్నేళ్లు ఆ ఇంటిని తుడిచి, రంగులు వేయించి, తుఫాను తర్వాత నెల రోజులు గాజుపెంకులు ఏరిన మనిషికి చట్టం ప్రకారం మూడింట ఒక వంతు. తప్పుపట్టడం లేదు, పిల్లల హక్కు పిల్లలకి ఉండాల్సిందే. కానీ కట్టిన రోజునే ఇద్దరి పేర్లూ రాయించి ఉంటే ఆవిడ సగం ఆవిడకి ఖాయంగా ఉండేది, బావగారి సగంలోనే పంపకం జరిగేది. రిజిస్ట్రేషను రోజున ఆ మాట ఎవరికీ తోచలేదు. ఆవిడ ఆ రోజు భోజనాలు చూసుకుంటోంది. మీ ఇంటి కాగితాలు బీరువాలో ఉంటే ఈ సాయంత్రం ఒకసారి తీసి, పేరు ఎవరిదుందో చూసుకోండి. ఆయన వింతగా చూసినా సరే.

పిల్లలు స్వయంగా రాలేకపోతే అమ్మకానికి పవరాఫటార్నీ పంపాలి. అక్కడి భారత కాన్సులేట్‌లో సంతకం చేసి ధ్రువీకరణ వేయించి పంపితే, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు సుంకం కట్టించుకోవాలి. ఇంకో సంగతి కూడా ఉంది. యాభై లక్షలు, ఆపైన ఇల్లయితే ఇక్కడున్న వాళ్ల వాటా మీద కొనేవాళ్లు ఒక శాతం పన్ను కోసి కడితే సరిపోతుంది. విదేశాల్లో ఉన్నవాళ్ల వాటా మీద కోత చాలా ఎక్కువ. ఇది ముందే చెప్పకపోతే బేరం కుదిరాక పేచీ వస్తుంది. ఇవన్నీ అక్క ఒక పాత లెక్కల పుస్తకంలో రాసి పెట్టుకుంది. ఇన్నాళ్లూ పాలలెక్క రాసిన పుస్తకమే.

పోయిన ఆదివారం ఒక జంట ఇల్లు చూడ్డానికొచ్చారు. నేనూ ఉన్నాను. అతను తిన్నగా వరండాలోకి వెళ్లి ఫోను తీసి సముద్రాన్ని వీడియో తీసుకుంటున్నాడు. ఆ అమ్మాయి హాలు దాటి, భోజనాల గది దాటి, వెతుక్కుంటూ వంటింట్లోకి వచ్చింది. పొయ్యిగట్టు ముందు నిలబడి గోడని చూసింది. "ఆంటీ, ఈ వంటిల్లు ముందుకి మార్చుకోవడానికి వీలవుతుందా?" అని అడిగింది. అక్క మొహం వెలిగిపోయింది. ఆ పిల్లని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, ఏ గోడ మీద బరువుందో, ఏది తీసెయ్యొచ్చో, నీళ్ల పైపు ఎటునుంచి లాగాలో చూపించింది. హాల్లో ఆగ్నేయం మూల పొయ్యిగట్టు ఎక్కడ రావాలో చేత్తో గీసి చూపించింది. కిటికీ ఎంత ఎత్తుండాలో కూడా. ఇవన్నీ ఆవిడ ఎప్పుడు ఆలోచించి పెట్టుకుందో నాకు తెలీదు.

బేరం దాదాపు కుదిరింది. కొడుకు కాగితం వచ్చేసింది. కూతురే "అది నాన్న జ్ఞాపకం పిన్నీ, అమ్మని ఒప్పించు" అని నాకు ఫోను చేస్తోంది. నువ్విది చదువుతావని తెలుసు తల్లీ. మీ నాన్న ఊయల బల్ల నేను తెచ్చి మా ఇంట్లో పెట్టుకుంటాను, నువ్వెప్పుడొచ్చినా కూచోవచ్చు. మీ అమ్మ పట్టుచీరలు మా బీరువాలోంచి తీసుకెళ్లాలని చూస్తోంది. కాగితం మీద సంతకం పెట్టి పంపు.