పేదవాడి మీద అనుమానం

ఇంగ్లండు చరిత్ర అనగానే మనకు ఎలిజబెత్ నుంచి విక్టోరియా దాకా రాణులు, నౌకాయుద్ధాలు, ఆవిరి యంత్రాలు గుర్తొస్తాయి. ఆ మూడు వందల ఏళ్లనూ ఇంకో దారిలో చదవమంటాను. పని దొరకనివాడికి, ముసలివాళ్లకు, దిక్కులేని పిల్లలకు ఆ దేశం ఏం పెట్టింది? ఏ షరతు మీద పెట్టింది?

ఎనిమిదో హెన్రీ 1536-40 మధ్య మఠాలను మూయించాడు. వాటి వాకిట పేదలకు దొరికే ముద్ద కూడా పోయింది. చాలాచోట్ల భూస్వాములు సాగుభూములకు కంచెలు కట్టి గొర్రెలను తోలారు. బతుకుతెరువు పోయి రోడ్డున పడ్డవాళ్లకు ప్రభుత్వం చూపిన మందు కొరడాదెబ్బలు. చివరికి 1601లో ఎలిజబెత్ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. ప్రతి పారిష్, అంటే ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం, తన పరిధిలోని ఆస్తిపరుల మీద పన్ను వేసి పేదలను ఆదుకోవాలి. చేవ ఉన్నవాడికి పని చూపాలి, లేనివాడికి తిండి పెట్టాలి. ఆ యుగం సాధించినవాటిలో దీన్ని నేను చాలా ఎత్తున ఉంచుతాను. ఆకలిగొన్నవాడి తిండి ఎవరో ఒకరి దయ మీద కాక చట్టం మీద నిలబడింది.

అయితే అనుమానం వెంటనే వచ్చి చేరింది. 1662 చట్టం ప్రకారం, భారమవుతాడనిపించిన కొత్తవాణ్ణి అతని సొంత పారిష్‌కు వెళ్లగొట్టొచ్చు. 1697లో సాయం పొందేవాళ్లంతా భుజం మీద ‘పాపర్’ (పేద) అని తెలిపే ‘పి’ అక్షరం కుట్టించుకోవాలన్నారు.

1795లో పంటలు పోయి, ఫ్రాన్స్‌తో యుద్ధం వల్ల ధరలు మండిపోతుంటే, బెర్క్‌షైర్ మేజిస్ట్రేట్లు స్పీనమ్‌ల్యాండ్‌లో సమావేశమయ్యారు. రొట్టె ధరను బట్టి, ఇంట్లో తినే నోళ్లను బట్టి కూలీకి తగ్గిన మొత్తాన్ని పారిష్ నిధి నుంచి ఇవ్వాలని తీర్మానించారు. ఇది చాలాచోట్లకు పాకింది. కూలి తగ్గించి ఇచ్చే రైతులకు ఇది కలిసొచ్చిందన్న విమర్శలో నిజముంది. కానీ తప్పు మోపింది మాత్రం కూలీ మీద. సాయం మనిషిని సోమరిని చేస్తుందన్న వాదన పెరిగి 1834లో కొత్త చట్టమైంది. ఎడ్విన్ చాడ్విక్, నాసౌ సీనియర్ దాని రూపకర్తలు. వాళ్ల సూత్రం ఒక్కటే: సాయం పొందేవాడి బతుకు, బయట అందరికన్నా తక్కువ కూలికి పనిచేసేవాడి బతుకు కంటే హీనంగా ఉండాలి. అందుకే వర్క్‌హౌస్, అంటే సాయం కావాలంటే లోపల ఉండి పని చేయాల్సిన ఇల్లు. లోపలికి వెళ్తే భర్త ఒక విభాగంలో, భార్య ఇంకోదాంట్లో, పిల్లలు వేరే.

హాంప్‌షైర్‌లోని ఆండోవర్ వర్క్‌హౌస్‌లో ఎరువు కోసం పశువుల ఎముకలు దంచే పని ఇచ్చారు. ఆకలికి తాళలేక ఆ ఎముకలకు అంటుకున్న మాంసాన్ని, లోపలి మూలుగను జనం తిన్నారని 1845లో బయటపడింది. పార్లమెంటు విచారణ జరిపింది, 1847లో ఈ చట్టాన్ని నడిపే పేదల చట్టం కమిషన్ రద్దయింది. వర్క్‌హౌస్‌లు మాత్రం ఉండిపోయాయి. 1896లో లండన్‌లోని లాంబెత్ వర్క్‌హౌస్‌లో తల్లితో, అన్నతో కలిసి చేరిన ఏడేళ్ల పిల్లవాడు చార్లీ చాప్లిన్.

ఈ అనుమానం బ్రిటిష్ పాలనతో పాటు మన గడ్డకూ చేరింది. ధాత నామ సంవత్సరం, 1876-77. కర్నూలు, కడప, బళ్లారి ఎండిపోయాయి. కరువు పనులకు వచ్చేవాళ్లలో నిజంగా అవసరం లేనివాళ్లున్నారని, ఖర్చు తగ్గించాలని కలకత్తా నుంచి ప్రభుత్వ ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో రోజుకూలికి కోత పెట్టించాడు. మగవాడికి ఒక పౌను ధాన్యం, అంటే అరకిలో కన్నా తక్కువ, దాని మీద కొద్దిపాటి డబ్బు. ఆ కొలతతో కష్టపడేవాడు బతకలేడని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. 1834లో ఆస్తిపరుల పన్ను తగ్గించడానికి లండన్‌లో పుట్టిన లెక్కకు, నలభై మూడేళ్ల తర్వాత రాయలసీమ కూలీ తన ఒంటితో బదులు చెప్పాల్సి వచ్చింది.