మన కొండల లెక్క వేరుగా కావాలి



లాల్‌బాగ్‌కు పోతే మనం అరకేరియా చెట్ల కింద ఫోటోలు దిగుతాం. అవి పసిఫిక్ దీవుల చెట్లు. పైన్, దేవదారు వర్గంలో దక్షిణ భారతానికి సొంతమైన చెట్టు ఒక్కటే: నాగేయా వాలిచియానా. పడమటి కనుమల తడి అడవుల్లో, అగస్త్యమల, పెరియార్ వైపు అక్కడక్కడ ఉంది. ఆకు సూదిలా కాక వెడల్పుగా ఉంటుంది, అందుకే మనం గుర్తుపట్టం.

ఐయూసీఎన్ జాబితాలో ఇది అంతగా ఆందోళన లేని చెట్టు. ఈశాన్య భారతం నుంచి న్యూగినీ దాకా ఉంది కాబట్టి ఆ లెక్క తప్పు కాదు. కానీ అస్సాంలో చెట్లుంటే మన కొండకు ఏం లాభం? ఇందులో ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. టీ, ఏలకుల తోటలకు అడవి ముక్కలైతే ఒంటరి చెట్టుకు సంతతి ఉండదు.

తెలుగువాళ్ళం కోట్లమందిమి. అయినా బెంగళూరులో మన పిల్లల నోట తెలుగు పోతే ఆ కోట్లు మనకు ఊరటా? చెట్టుకూ అదే న్యాయం.

దక్షిణాది కొండలకు విడిగా లెక్క తీసి, దాన్నిబట్టి కాపాడాలి. ఈసారి పిల్లల్ని లాల్‌బాగ్‌కు తీసుకుపోతే, అరకేరియా చూపిస్తూ మన చెట్టు పేరు కూడా చెబుదాం. పేరే తెలియని చెట్టు కోసం రేపు ఎవరు అడుగుతారు?