పాతికేళ్ల విడిది

ధర్మవరంలో పట్టుచీర కొనే ఆడదాన్ని ఎప్పుడైనా గమనించారా? గమనించడమెందుకు లెండి, మీరూ నేనూ ఆ బాపతే కదా! ముప్ఫై చీరలు విప్పించి, కొంగు తిరగేసి, జరీని గోటితో గీకి, గుమ్మం దాకా తీసుకెళ్లి వెలుతురులో రంగు చూసి, "పోయినసారి మా పిన్నికి ఇంతకన్నా తక్కువకే ఇచ్చినారే!" అని చిన్న అబద్ధం కూడా ఆడి, అప్పటికి గాని పర్సు తెరవం. పన్నెండు వేల చీరకి మూడు గంటలు. ఇందులో సిగ్గుపడవలసిందేమీ లేదు. డబ్బు విలువ తెలిసినవాళ్లు చేసే పనే అది.

మరి అదే ఆడది బెంగళూరులో ఒక చల్లటి గదిలో రెండు గంటలు కూర్చుని, నాలుగు లక్షల కాగితం మీద సంతకం పెట్టి ఎలా లేచి వస్తుందో నాకు అంతు పట్టదు. నాకు అంతు పట్టనివాటి మీద నాకు కోపం ఎక్కువ.

నేను చెప్పేది హాలిడే క్లబ్బుల సంగతి. ఒకసారి పెద్ద మొత్తం కట్టాలి. ఏడాదికి ఏడు రాత్రుల చొప్పున పాతికేళ్లపాటు వాళ్ల విడిదుల్లో ఉండొచ్చు. కొందరు రాత్రుల లెక్క చెబుతారు, కొందరు పాయింట్లంటారు. పాయింట్లయితే గది పెద్దదైనా, పిల్లలకు సెలవులున్న రోజులైనా ఎక్కువ ఖర్చవుతాయి. 1960లలో ఐరోపాలో మంచుకొండల విడిదుల దగ్గర పుట్టిన ఏర్పాటిది. మన దేశంలో 1986లో స్టెర్లింగ్ వాళ్లు, 1996లో మహీంద్రా వాళ్లు మొదలుపెట్టాక మధ్యతరగతి ఇళ్లలోకి వచ్చింది. ఏటా తప్పకుండా వెళ్లేవాళ్లకి ఇది నప్పుతుంది. కాదనను. నా తగాదా వెళ్లేవాళ్లతో కాదు, వెళ్లనివాళ్లకి అంటగట్టే తీరుతో.

ఒకసారి మేమూ వెళ్లాం. ఏదో ఎగ్జిబిషన్‌లో చీటీ రాసి డబ్బాలో వేస్తే, బహుమతి వచ్చిందని ఫోను. "దంపతులిద్దరూ తప్పకుండా రావాలి మేడమ్" అని ఒకటే పట్టు. నాకు నవ్వొచ్చింది. ఇంట్లో స్థలం కొన్నప్పుడు నన్నడిగినవాళ్లు లేరు, మా ఆయన స్నేహితుడికి హామీ సంతకం పెట్టినప్పుడు నాకు చెప్పినవాళ్లు లేరు. ఇక్కడ మాత్రం నేను లేనిదే పని జరగదట! ఎందుకో అక్కడికెళ్లాక తెలిసింది. ఆ అబ్బాయి మా ఆయనతో ధరల గురించి మాట్లాడలేదు. నావైపు తిరిగి, "మేడమ్, పెళ్లయ్యాక సార్ మిమ్మల్ని ఎన్ని ఊళ్లు తిప్పారు?" అన్నాడు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన కాఫీ కప్పు వైపు చూశారు. వాళ్ల వ్యాపారమంతా ఆ రెండు చూపుల మధ్యనే ఉంది!

ఆవేళ మమ్మల్ని కాపాడింది నా తెలివి కాదు. మా ఆయన చదువుకునే కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయారు. చదవనిదే సంతకం పెట్టనని మొండికేశారు. "ఈ తగ్గింపు ఈ రోజే సార్" అన్నారు. ఈయన కదల్లేదు. బహుమతి కింద ఇచ్చిన చపాతీల డబ్బాతో హిందూపురం బండెక్కాం.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మొన్న ధర్మవరం నుంచి మా ఆడపడుచు ఫోను చేసింది. "వదినా, పెనుకొండలో ఒక రిటైర్డు మాస్టారు క్లబ్బు మెంబర్‌షిప్ అమ్ముతా ఉన్నారు. కొత్తది నాలుగు లక్షలంట. ఈయన తొంభై వేలకే ఇస్తామంటున్నారు. నా చీటీ డబ్బు లక్షా ఇరవై వేలు వచ్చింది. తీసుకుందామా?"

ఆ చీటీ సంగతి నాకు తెలుసు. నాలుగేళ్లు మగ్గాల లెక్కలు రాసి, చీరల అంచులు కుట్టించి కూడబెట్టింది. పెళ్లయ్యాక తిరుపతి, పుట్టపర్తి తప్ప మరో ఊరు చూడని మనిషి. ఆమె అడిగింది గది కాదు, నాలుగు రోజుల ఊపిరి. అందుకే కాగితం పెన్సిలు తీసుకుని కూర్చున్నాను. బి.ఏ. చదివినదాన్ని, లెక్కలంటే భయమే. అయినా కూడిక, భాగహారం చాలు.

ముందు కొత్తది. నాలుగు లక్షలు పాతికేళ్లకి పంచితే ఏడాదికి 16,000. ఇక్కడితో ఆగితే స్వర్గమే. అమ్మేవాళ్లు ఇక్కడే ఆగుతారు. కాని ప్రతి ఏటా నిర్వహణ రుసుమని ఒకటుంటుంది. వెళ్లినా వెళ్లకపోయినా కట్టాలి. మాస్టారి కాగితాల్లో అది 18,000, దాని మీద నూటికి 18 చొప్పున జీఎస్టీ, వెరసి 21,240. అంటే ఏడాదికి 37,240, రాత్రికి 5,320. తిండి, రైలు, టాక్సీ వేరే. ఆ నాలుగు లక్షలు బ్యాంకులో ఆరున్నర వడ్డీకి వేస్తే ఏటా 26,000 చేతికొస్తుంది, అసలు అలాగే ఉంటుంది. ఇక్కడ పాతికేళ్ల తరవాత మిగిలేది ఫొటోలు.

ఇక మాస్టారిది. ఇంకా 14 ఏళ్లు మిగిలి ఉంది. తొంభై వేలు, పేరు మార్పుకి క్లబ్బు అడిగే ముప్ఫై వేలు, రెండేళ్లుగా ఆయన కట్టని బకాయి 42,480. చూశారా, తొంభై వేలన్నది 1,62,480 అయి కూర్చుంది! చీటీ డబ్బు చాలదు. రాత్రికి సుమారు 4,690 పడుతుంది. బకాయి ఆయనే తీరిస్తే 4,260. కొత్తదానికన్నా నయమే. కాని అదే కొండ మీద, సెలవుల రద్దీ లేని రోజుల్లో, మంచి హోటలు గది 4,500కి దొరుకుతోంది. ఏ ఏడు పోగలిగితే ఆ ఏడే ఇచ్చే డబ్బు అది.

ఇంకో చిన్న లెక్క చేశాను. మాస్టారు ఊరికే ఇచ్చేశారనుకుందాం. అప్పుడు కూడా నిర్వహణ రుసుమును ఏడుతో భాగిస్తే రాత్రికి 3,034! ఏటా నూటికి అయిదు పెరిగితే పద్నాలుగేళ్లలో అది ఇంచుమించు రెట్టింపు. ఏనుగును కొనడం కాదు, మేపడం ఉంది. అమెరికాలో ఇలాంటివి ఒక్క డాలరుకి అమ్మకానికి పెట్టి, రుసుము బెడద వదిలితే చాలనుకునేవాళ్లున్నారంటే ఆశ్చర్యమేముంది?

మన సామెత ఉండనే ఉంది, అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని. నాలుగు లక్షల వస్తువు చేయి మారగానే తొంభై వేలయిందంటే, తక్కిన సొమ్ము ఆ బహుమతులకీ, కమీషన్లకీ, చల్లటి గదికీ పోయిందని నా అనుమానం. చిరిగిన జరీచీరకైనా వీధిలో "పాత పట్టుచీరలు కొంటాం" అంటూ మనిషొస్తాడు. దీనికి ఎవరొస్తారు? "మీ మెంబర్‌షిప్ అమ్మిపెడతాం, ముందు రుసుము కట్టండి" అనే మోసగాళ్లు మాత్రం ఫోను చేస్తారు. వాళ్లకి పైసా ఇవ్వకండి.

అయినా కొనాలనుందా? అయితే చీరను చూసినట్టే చూడండి. ఎన్నేళ్లు మిగిలి ఉందో, బకాయి ఎంతో, పేరు మార్పు ఖర్చెంతో క్లబ్బు నుంచే కాగితం మీద తెప్పించండి. చేయి మారితే కొన్ని క్లబ్బులు కొన్ని సౌకర్యాలు కత్తిరిస్తాయి, అదీ అడగండి. దసరా సెలవులకి గది కావాలని అమ్మేవారి చేతనే మీ ఎదుట ఒకసారి అడిగించండి. దొరికితే మాట్లాడుకోవచ్చు. దొరక్కపోతే మీకూ దొరకదు.

ఐరోపాలో 2008 నాటి నియమం ప్రకారం ఇలాంటి ఒప్పందం చేసుకున్నవాళ్లు 14 రోజుల్లోగా కారణం చెప్పకుండానే రద్దు చేసుకోవచ్చు. మనకి టైమ్‌షేర్లకంటూ ప్రత్యేక చట్టం లేదు. కాగితంలో ఎన్ని రోజుల గడువు రాస్తే అంతే. కాని 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. ఫిర్యాదుకి బెంగళూరు పరుగెత్తనక్కర్లేదు, మనం కాపురమున్న జిల్లాలోనే వేయొచ్చు. 1915కి ఫోను చేస్తే దారి చెబుతారు. మోసపోయామని సిగ్గుపడి నోరు మూసుకుంటే వాళ్లకి అంతకన్నా కావలసిందేముంది?

ఆఖరి మాట. ఆ మాస్టారి భార్యని కలిశాం. "గదులు బాగుండేవా అమ్మా?" అని అడిగాను. "బాగుండేవమ్మా. వంటిల్లు కూడా ఉండేది. హోటలు తిండి ఖరీదని ఈయన బియ్యం, పప్పు కట్టించేవారు. ఊటీ పోయినా, కొడైకెనాల్ పోయినా ఉప్మా చేసినదాన్ని నేనే" అందావిడ నవ్వుతూ. మా ఆడపడుచు నవ్వలేదు. తిరిగొచ్చేటప్పుడు పెనుకొండ స్టేషన్లో బెంచీ మీద కూర్చుని, "వద్దులే వదినా" అంది. కొండ మీద కోటగోడలు కనిపిస్తున్నాయి. రాయలవారు వేసవి విడిదికి పెనుకొండ వచ్చేవారట. ఆయన వెంట వంటవాళ్లు వచ్చే ఉంటారు!

చీటీ డబ్బు ఆమె పేరునే బ్యాంకులో పడింది. వచ్చే నెల మేమిద్దరం మైసూరు పోతున్నాం, మూడు రాత్రులు. గదిలో వంటిల్లు లేదని ఫోను చేసి మరీ కనుక్కున్నాను. మగవాళ్లకి అన్నం ఎవరు వండుతారని మా అత్తగారు అడిగారు. బియ్యం డబ్బా ఎక్కడుందో మా ఆయనకి చూపించాను. ఈసారి కళ్లద్దాలు పెట్టుకునే చూశారు.