"ఎన్నో స్టేజీ?" కన్నా ముందు...

మా పెద్ద అంబర్‌పేట్‌లో ఎవరికైనా కడుపులో గడ్డ అని స్కానింగులో తేలిందనుకోండి, చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న "ఎన్నో స్టేజీ అంట?". నన్నడిగితే, దానికన్నా ముందు అడగాల్సింది "ఏ రకం?" అని.

మనకందరికీ తెలిసిన ఉదాహరణ స్టీవ్ జాబ్స్. 2003లో స్కాన్ చూసి, పాంక్రియాస్ క్యాన్సర్, మూణ్ణుంచి ఆరు నెలలే అన్నారు. అదే సాయంత్రం గొంతులోంచి ఎండోస్కోపు దించి, సూదితో నాలుగు కణాలు తీసి చూస్తే తేలింది అది న్యూరోఎండోక్రైన్ ట్యూమర్ అని. ఆయన 2011 దాకా ఉన్నాడు. (ఆపరేషన్ వాయిదా వేసుకోవడం వేరే కథ.) అవయవం అదే, రకం వేరు.

ఇందులో మళ్ళీ గ్రేడ్లు. కీ-67 పరీక్షలో, పెరిగే పనిలో ఉన్న కణాలు 3 శాతం లోపైతే గ్రేడ్ 1, 20 దాటితే గ్రేడ్ 3. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణకీ మన సాఫ్ట్‌వేర్ లాగే వెర్షన్లున్నాయండోయ్! 2019లో వచ్చిన ఐదోదాంట్లో గ్రేడ్ 3 ట్యూమర్నీ, న్యూరోఎండోక్రైన్ కార్సినోమానీ విడదీశారు. పేరు మారితే వైద్యమూ మారుతుంది మరి.

ఇక్కడ ఔటర్ ఎక్కితే గచ్చిబౌలి ఏఐజీలో అలా సూదితో తీసే ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ ఉంది. అందరికీ ముందే తియ్యరు, కొందరికి నేరుగా ఆపరేషన్ చేసి తర్వాత ముక్కని చూస్తారు. ఎలా తీసినా పాథాలజీ రిపోర్టు చదవండి. స్లైడ్లు, బ్లాకులు కూడా అడిగి తెచ్చుకోండి, రెండో డాక్టరు దగ్గరికెళ్తే అవి కావాలి.