ఎక్కిన నిచ్చెనను లాగేసిన వీరుడు

పేదింట పుట్టి పైకొచ్చినవాళ్ళ కథలంటే హాస్టల్ పిల్లలమైన మనకు ప్రాణం. ఇంట్లో మొదటి డిగ్రీ పట్టా చూసిన తరం మాది. కాబట్టి ఆ ఇష్టం మాకింకా ఎక్కువ. జపాన్ చరిత్రలో అలాంటి కథ టొయొటోమి హిదెయోషిది. అయితే ఆ కథను సగంలో ఆపి చప్పట్లు కొట్టడం మనకు తగదని మా అభిప్రాయం.

హిదెయోషి 1537లో ఓవారి ప్రాంతంలోని నకమురా అనే పల్లెలో పుట్టాడు. సామాన్య రైతు కుటుంబం, చెప్పుకోవడానికి ఇంటిపేరు కూడా లేదు. ఒదా నొబునాగా అనే ప్రభువు దగ్గర చెప్పులు మోసే నౌకరుగా చేరాడని చెబుతారు. సేనాపతి అయ్యాక కూడా ఆ ప్రభువు అతన్ని ‘బట్టతల ఎలుక’ అని రాసిన ఉత్తరం ఉంది. 1582లో క్యోటోలో అకెచి మిత్సుహిదె అనే సొంత సేనానే తిరగబడటంతో నొబునాగా చనిపోయాడు. అప్పుడు హిదెయోషి దూరాన తకమత్సు కోటను ముట్టడిస్తున్నాడు. వార్త అందగానే శత్రువుతో సంధి చేసుకుని, దాదాపు 200 కిలోమీటర్లు సైన్యాన్ని పరుగులు పెట్టించి, ప్రభువు పోయిన 11 రోజులకే యమజాకి దగ్గర మిత్సుహిదెను ఓడించాడు. 1585లో చక్రవర్తి పేరుమీద పాలించే ‘కంపాకు’ అయ్యాడు. ఆ పదవి ఫుజివారా వంశం వారిది. అందుకని ఆ వంశానికి దత్తత వెళ్ళి మరీ తీసుకున్నాడు. 1590 నాటికి దేశమంతా అతని చేతికిందికి వచ్చింది.

మరి ఆ చేతితో ఏం చేశాడు? 1588లో రైతుల దగ్గరున్న కత్తులు, ఈటెలు, తుపాకులు లాక్కోమని శాసనం చేశాడు. వాటిని కరిగించి క్యోటోలో కట్టే పెద్ద బుద్ధ విగ్రహానికి మేకులు చేస్తామని, రైతుకు పుణ్యమొస్తుందని అందులోనే నచ్చజెప్పాడు! 1591లో ఇంకో శాసనం వచ్చింది. రైతు పొలం వదిలి వ్యాపారానికో కూలికో పోరాదు. కొలువు చేసిన సిపాయి ఊళ్ళో రైతుగా స్థిరపడరాదు. నకమురా నుంచి మరో కుర్రవాడు బయలుదేరితే అడ్డుకునే చట్టం హిదెయోషి చేసిందే.

వందేళ్ళకు పైగా యుద్ధాలతో నలిగిన దేశం, ఆయుధాలు తీసేయక తప్పదు కదా అని కొందరంటారు. నిజమే. కానీ కత్తి తీసుకోవడం వేరు, పుట్టుకను సంకెల చేయడం వేరు.

1590లో కొరియా రాజుకు పంపిన ఉత్తరంలో, తాను కడుపున పడ్డప్పుడు తన తల్లి కలలో సూర్యుడు ఆమెలో ప్రవేశించాడని రాసుకున్నాడు. ఇది చదివి మాకు నవ్వు రాలేదు. ఉద్యోగం వచ్చాక పేట పేరు, హాస్టల్ పేరు నోట రానివ్వని అన్నలు మనలో లేరా? వాళ్ళు దాచుకునేది అవతలివాడి చూపుకు భయపడి. ఆ చూపును మార్చే అధికారం హిదెయోషికి ఉంది. అయినా సూర్యుణ్ణి అడ్డం పెట్టుకున్నాడు.

తర్వాతిదంతా పతనమే. 1592లో సుమారు 1,58,000 మంది సైన్యాన్ని కొరియా మీదికి పంపాడు. సముద్రం మీద యి సున్-సిన్ నౌకాదళం వాళ్ళను దెబ్బతీసింది. 1597లో మళ్ళీ పంపాడు. అక్కడ కోసి తెచ్చిన వేలాది ముక్కులను పాతిపెట్టిన దిబ్బ క్యోటోలో ఇప్పటికీ ఉంది. దాన్ని ‘చెవుల దిబ్బ’ అంటారు. కొడుకు పుట్టాక, అంతకుముందు వారసుణ్ణి చేసిన మేనల్లుడు హిదెత్సుగును 1595లో ఆత్మహత్య చేసుకోమన్నాడు. అతని భార్యాబిడ్డలు, ఇంటి స్త్రీలు 30 మందికి పైగా క్యోటో నది ఒడ్డున చంపబడ్డారు. మేకుల పేరు చెప్పి కత్తులు లాక్కున్న ఆ బుద్ధ విగ్రహం 1596 భూకంపంలో దెబ్బతింది.

1598లో అయిదేళ్ళ కొడుకును అయిదుగురు పెద్దల చేతిలో పెట్టి కన్నుమూశాడు. వాళ్ళలో ఒకడైన తొకుగావా ఇయెయసు 1600లో సెకిగహర యుద్ధం గెలిచి రాజ్యం తీసుకున్నాడు. 1615లో ఒసాకా కోట తగలబడింది, కొడుకు హిదెయొరి ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ వంశాన్ని అలా తుడిచేసిన తొకుగావాలు, రైతును పుట్టిన చోటే కట్టిపడేసే ఆ కట్టుబాటును మాత్రం రెండున్నర శతాబ్దాలు భద్రంగా దాచుకున్నారు.