కంపనం చెప్పింది, యంత్రం ఆగలేదు

2009 ఆగస్టు 17న రష్యాలోని సయానో-షుషెన్‌స్కాయా జలవిద్యుత్ కేంద్రంలో 640 మెగావాట్ల రెండో నంబరు యూనిట్ మీది మూత ఎగిరిపోయింది. దాన్ని బిగించి ఉంచిన ఉక్కు స్టడ్‌లు తెగిపోవడంతో నీరు యంత్రశాలను ముంచెత్తింది. 75 మంది చనిపోయారు. తర్వాత దొరికిన స్టడ్‌లలో చాలావాటికి లోహపు అలసట వల్ల వచ్చిన పగుళ్లు ఉన్నాయి. అవి ఆ ఒక్క రోజున పుట్టినవి కావు. బేరింగ్ దగ్గర కంపనం హద్దు దాటినా యూనిట్‌ను ఆపలేదని దర్యాప్తులో తేలింది.

టర్బైన్‌కు పూర్తి లోడు కంటే అరకొర లోడే ఎక్కువ ఇబ్బంది. అప్పుడు రన్నర్ నుంచి బయటికొచ్చే నీరు కింది గొట్టంలో తాడులా మెలితిరిగి, గోడలను లయగా కొడుతుంది. ప్రతి స్టార్టూ, ప్రతి ఆపడమూ ఉక్కును మరోసారి సాగదీసి వదిలేస్తాయి. తీగను ఒకసారి వంచితే విరగదు, వంచుతూ పోతేనే విరుగుతుంది.

సౌర విద్యుత్ పెరిగాక ఈ సంగతి మనకూ దగ్గరైంది. మధ్యాహ్నం ఎండ కరెంటు పొంగినప్పుడు జలవిద్యుత్‌ను తగ్గించమంటారు, పొద్దుగూకగానే పెంచమంటారు. శ్రీశైలం ఎడమగట్టులోని ఆరు 150 మెగావాట్ల యూనిట్లు, నాగార్జునసాగర్‌లోని ఏడు యూనిట్లు రెండు వైపులా తిరిగేవి: ఒకవైపు తిరిగితే విద్యుత్, రెండోవైపు తిరిగితే నీటి ఎత్తిపోత. నంద్యాల జిల్లా పిన్నాపురం లాంటి పంప్‌డ్ స్టోరేజీ కేంద్రాలకైతే అదే నిత్యకృత్యం.

ఈ భారాన్ని కొలిచే స్ట్రెయిన్ గేజ్ పలుచని లోహపు రేకు. ఉక్కుకు అతికిస్తే, ఉక్కుతోపాటు సాగి దాని విద్యుత్ నిరోధం మారుతుంది. మీటరు ఉక్కు మిల్లీమీటరులో పదో వంతు సాగిందంటే, ప్రతి చదరపు మిల్లీమీటరు మీదా దాదాపు రెండు కిలోల లాగుడు పడుతోందని లెక్క.

తిరిగే రన్నర్ మీద, అదీ నీళ్లలో, గేజ్ నిలవడం కష్టమే. జిగురు ఊడుతుంది, సంకేతాలను షాఫ్ట్ మీంచి రేడియో ద్వారా రాబట్టాలి. నిజమే కానీ, అది కొత్త యంత్రాన్ని ఒక్కసారి కొలిచి దశాబ్దాలపాటు నమ్ముకోవడానికి సాకు కాకూడదు. ఓవర్‌హాల్‌కు యూనిట్‌ను ఎలాగూ విప్పుతారు. గేజ్‌లు అప్పుడే అతికించి, కొన్ని వారాలు అన్ని లోడుల దగ్గరా, ప్రతి స్టార్టులోనూ కొలవాలి. ఆ అంకెలను కింది గొట్టంలోని పీడనంతో, బేరింగ్ దగ్గర షాఫ్ట్ కదలికతో జోడించి చూడాలి. తర్వాత గేజ్‌లు ఊడిపోయినా ఫర్వాలేదు, కదలని భాగాల మీది సెన్సర్లే లోపలి సంగతి చాలావరకు చెబుతాయి. ఒక్కో స్టార్టు యంత్రం ఆయుష్షులో ఎంత తింటోందో గ్రిడ్ నడిపేవారికి అంకెల్లో చూపించవచ్చు. ఇవాళ వారి ముందు ఉండేవి మెగావాట్లు మాత్రమే.

స్టడ్‌లకైతే ఇంత హంగామా కూడా అక్కర్లేదు. అల్ట్రాసౌండ్‌తో లోపలి పగుళ్లు దొరుకుతాయి, అందుకు కావలసింది యూనిట్‌ను కాసేపు ఆపడమే. ఇక కంపనం హద్దు దాటినప్పుడు, పైఅధికారి ఫోను కోసం ఎదురుచూడకుండా యూనిట్‌ను ఆపే అధికారం షిఫ్టు ఇంజనీరుకు రాతపూర్వకంగా ఉండాలి.